ఒక స్థాయి కిందికి దిగి పలికిన జంక్షన్



కడప కేంద్రం ప్రసారాన్ని మీరు మీడియం వేవ్‌లో వింటున్నారంటే, మీ రేడియో అందుకునే తరంగం సెకనుకు తొమ్మిది లక్షల సార్లు కంపిస్తోందన్నమాట. 900 కిలోహెర్ట్జ్ అంటే అదే. ఆ తరంగాన్ని గాలిలోకి పంపడానికి ఎత్తైన టవరు, పెద్ద ట్రాన్స్‌మిటరు, దాన్ని కనిపెట్టుకుని ఉండే ఇంజనీర్లు కావాలి. ఇవేవీ లేకుండా, కంటికి కనపడనంత చిన్న అతుకు ఒకటి తనంతట తానే రేడియో తరంగాన్ని వెలువరించగలదు. రెండు అతివాహకాల, అంటే చలిలో విద్యుత్తుకు నిరోధమే లేకుండా పోయే పదార్థాల నడుమ, మీటరులో వంద కోట్లవ వంతో రెండు వంతులో మందం ఉండే పొరను పెట్టి దాన్ని చేస్తారు. దాని పేరు జోసెఫ్సన్ జంక్షన్. దాని రెండు కొసల మధ్య నిలకడగా ఒక్క మైక్రోఓల్టు, అంటే ఓల్టులో పది లక్షలవ వంతు ఇస్తే, అది సెకనుకు 48 కోట్ల 36 లక్షల సార్లు కంపించే తరంగాన్ని పుట్టిస్తుంది. రెండు మైక్రోఓల్టులిస్తే దానికి రెట్టింపు. జంక్షన్‌ను అల్యూమినియంతో చేసినా, నయోబియంతో చేసినా, కేంబ్రిడ్జ్‌లో చేసినా, ఢిల్లీలో చేసినా ఈ లెక్క మారదు. మన కడప తరంగమే దానితో పలికించాలంటే ఓల్టులో వంద కోట్లవ వంతును రెండింతలు చేసినదానికన్నా కొంచెం తక్కువ సరిపోతుంది.

ఇంత కచ్చితంగా మాట నిలబెట్టుకునే జంక్షన్ ఒకచోట లెక్క తప్పి, సరిగ్గా సగం ఫ్రీక్వెన్సీలో పలికింది. సంగీతం తెలిసినవాళ్లు దాన్ని ఒక స్థాయి కింద పలకడం అంటారు. 2017లో జర్మనీలోని వుర్ట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం, జపాన్‌లోని రికెన్ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు కలిసి దాన్ని విన్నారు. ఆ జంక్షన్‌లో రెండు అతివాహకాల నడుమ ఉన్నది మామూలు పొర కాదు. మెర్క్యురీ టెల్లూరైడ్ అనే టోపోలాజికల్ పదార్థం. ఆ సగం పలుకు ఎందుకంత విలువైనదో, దాన్ని విన్నాక కూడా శాస్త్రజ్ఞులు ఎందుకింత జాగ్రత్తగా మాట్లాడుతున్నారో ఈ రోజు చెప్పాలని ఉంది. మన కర్నూలు, కడప పిల్లలు క్వాంటం అనే మాటను రోజూ పేపర్లో చూస్తున్న కాలమిది. అందులో ఏది తేలిన సంగతో, ఏది ఇంకా తేలాల్సినదో వాళ్లకు తెలిసి ఉండాలని నా తపన.

ముందు పాత కథ కొంచెం చెప్పుకుందాం. 1911లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో కామర్లింగ్ ఆన్నెస్ పాదరసాన్ని మైనస్ 269 డిగ్రీల చలికి తీసుకుపోయి చూస్తే, దాని విద్యుత్ నిరోధం మాయమైపోయింది. తగ్గడం కాదు, కొలవడానికి ఏమీ మిగల్లేదు. అలా ఎందుకవుతుందో చెప్పడానికి మరో 46 ఏళ్లు పట్టింది. 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ చెప్పిన కారణం ఇది: అంతటి చలిలో ఎలక్ట్రాన్లు జంటలు కడతాయి. ఆ జంటలన్నీ ఒకే లయలో కదులుతాయి. అందుకే వాటికి అడ్డు తగిలేదేమీ ఉండదు.

1962లో కేంబ్రిడ్జ్‌లో బ్రయాన్ జోసెఫ్సన్ అనే విద్యార్థి, అప్పటికి అతని వయసు 22 ఏళ్లు, కాగితం మీద ఒక లెక్క చేశాడు. రెండు అతివాహకాల మధ్య పలుచని బంధకం పొర పెడితే, ఓల్టేజీ అసలు లేకుండానే జంటలు పొరను దాటి అవతలికి పోతాయని, ఓల్టేజీ ఇస్తే ఆ ప్రవాహం అటూ ఇటూ ఊగుతుందని ఆ లెక్క తేల్చింది. ఇది జరగదని వాదించినవాడు సామాన్యుడు కాదు, సాక్షాత్తూ జాన్ బార్డీన్. ఎలక్ట్రాన్ల జంటల సిద్ధాంతం ఆయనదే. ఆ ఏడాది సెప్టెంబరులో లండన్‌లో జరిగిన సదస్సులో ఇద్దరూ ఎదురెదురుగా వాదించుకున్నారు. నన్ను ఆకట్టుకునే సంగతి ఇంకొకటుంది. ఓల్టేజీ లేకుండా పారే ఆ కరెంటును అంతకుముందే కొందరు ప్రయోగశాలల్లో చూశారు. ఇలాంటి పొరలతో ప్రయోగాలు చేసిన ఇవార్ జేవర్‌కు కూడా అది కనపడింది. పొరలో ఎక్కడో చిల్లి పడి షార్ట్ అయిందనుకుని పక్కన పెట్టేశారు. కళ్లముందే ఉన్నదాన్ని గుర్తించాలన్నా దాని గురించి ఒక లెక్క చేతిలో ఉండాలి. 1963లో ఫిలిప్ ఆండర్సన్, జాన్ రోవెల్ ప్రయోగం చేసి, చిన్న అయస్కాంత క్షేత్రం పెడితే ఆ కరెంటు ఎలా తగ్గుతుందో చూపి, అది షార్ట్ కాదని రుజువు చేశారు. అదే ఏడాది సిడ్నీ షపీరో జంక్షన్ మీద మైక్రోవేవ్ తరంగాలు పడేలా చేసి, ఓల్టేజీ మెట్లు మెట్లుగా పెరగడం చూశాడు. కడపలో ఆకాశవాణి కేంద్రం మొదలైందీ ఆ 1963లోనే. జోసెఫ్సన్‌కు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ మెట్లు ఎంత కచ్చితమైనవంటే, ప్రపంచమంతా ఓల్టును వాటితోనే కొలుస్తోంది. 2019 మే 20 నుంచి, ఒక ఓల్టుకు 4,83,597.8484 గిగాహెర్ట్జ్ అనే లెక్క స్థిరపడిపోయింది. మన దేశంలో ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో ఓల్టు ప్రమాణాన్ని నిలబెట్టేది ఇలాంటి జంక్షన్ల వరసే. మీ ఇంటి ఇన్వర్టర్ మీద, మీటర్ మీద రాసిన ఓల్టుల వెనక ఎక్కడో ఒకచోట ఈ పలుకు ఉంది.

ఇదే జంక్షన్ అమరావతి వార్తల్లోనూ ఉంది. 2025 మే నెలలో రాష్ట్ర ప్రభుత్వం, ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీ కలిసి అక్కడ క్వాంటం వ్యాలీ పెడతామని, ఐబీఎం వారి క్వాంటం సిస్టమ్ టూ యంత్రాన్ని 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్‌తో తెస్తామని ప్రకటించాయి. ఆ ప్రాసెసర్‌లో సమాచారాన్ని దాచుకునే ఒక్కో గదినీ క్యూబిట్ అంటారు. ప్రతి క్యూబిట్‌కూ గుండెకాయ జోసెఫ్సన్ జంక్షనే: రెండు అల్యూమినియం రేకుల నడుమ అల్యూమినియం ఆక్సైడ్ పొర. అదే ఏడాది భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి కూడా ఈ జంక్షన్ల మీద 1984, 85 ప్రాంతాల్లో బర్క్‌లీలో చేసిన ప్రయోగాలకే జాన్ క్లార్క్, మిషెల్ డెవోరే, జాన్ మార్టినిస్‌లకు దక్కింది. కనుక క్వాంటం కంప్యూటర్ అంటే ఏమిటని మన పిల్లలెవరైనా అడిగితే, చలిలో ఉంచిన జోసెఫ్సన్ జంక్షన్లతో లెక్కలు చేయించే యంత్రం అని చెప్పినా, ఆ ఒక్క రకం యంత్రానికి ఆ మాట సరిపోతుంది.

ఆ యంత్రానికున్న పెద్ద బాధ మతిమరుపు. చుట్టుపక్కల రవ్వంత వేడి, ఒక చిన్న విద్యుత్ అలజడి, పదార్థంలో ఒక మలినం, ఏది తగిలినా క్యూబిట్ తన దగ్గరున్న సమాచారాన్ని పోగొట్టుకుంటుంది. అందుకే దాన్ని సున్నా కెల్విన్‌కు డిగ్రీలో వందో వంతు, రెండు వంతుల దూరంలో ఉంచుతారు. అయినా మరిచిపోతుంది. తప్పుల్ని దిద్దడానికి ఒక్కో మంచి క్యూబిట్‌కు వందల, వేల క్యూబిట్లను కాపలా పెట్టాల్సి వస్తుంది. టోపోలాజికల్ పదార్థాల మీద ఇంతమంది ఆశ పెట్టుకోవడానికి కారణం ఇదే: మరుపును తరువాత దిద్దుకునే అవసరం తగ్గేలా, పదార్థంలోనే దానికి అడ్డుకట్ట వేయగలమా అని.

టోపోలాజికల్ అంటే ఏమిటో చెప్పడానికి ఊళ్లో పిండి మిషను బెల్టు చాలు. బెల్టు రెండు కొసలూ మామూలుగా అతికితే లోపలి ముఖం ఎప్పుడూ లోపలే, బయటి ముఖం బయటే. అతికేముందు ఒక కొసను అర మెలిక తిప్పి అతికారనుకోండి. బయటివైపు సుద్దముక్కతో ఒక గీత గీసి బెల్టును తిప్పండి. ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి గీత లోపలివైపు ఉంటుంది. ఇంకో చుట్టు తిరిగితేనే మళ్లీ బయటికొస్తుంది. బెల్టును సాగదీయండి, నూనె పూయండి, దుమ్ము కొట్టుకుపోనివ్వండి, ఆ మెలిక పోదు. పోవాలంటే కోసి మళ్లీ అతకాలి. కొన్ని పదార్థాల్లో ఎలక్ట్రాన్ల స్థితులు ఇలాంటి మెలికతోనే ఉంటాయి. మలినాలున్నా, అంచు సరిగా తెగకపోయినా ఆ మెలిక చెదరదు.

మెలిక ఉన్న పదార్థం, మెలిక లేని బయటి గాలితో కలిసే అంచు దగ్గర ఒక విచిత్రం జరుగుతుంది. పదార్థం లోపలంతా బంధకమే, కరెంటు పోదు. అంచున మాత్రం కరెంటుకు దారి తప్పనిసరిగా తెరుచుకుని ఉంటుంది. ఆ దారిలో ఒకవైపు పోయే ఎలక్ట్రాన్ల స్పిన్, అంటే చిన్న అయస్కాంతాల్లా అవి చూపే దిక్కు, ఒకలాగ, ఎదురువైపు పోయేవాటి స్పిన్ ఇంకొకలాగ ఉంటుంది. అయస్కాంత గుణం లేని మలినం ఎదురైతే ఎలక్ట్రాన్ వెనక్కి తిరగలేదు, పక్కనుంచి దాటి పోతుంది. 2006లో బెర్నెవిగ్, హ్యూస్, జాంగ్ అనే ముగ్గురు మెర్క్యురీ టెల్లూరైడ్ పొర మందం ఆరు నానోమీటర్ల పైచిలుకు ఉండే ఒక హద్దును దాటితే ఇలా జరుగుతుందని లెక్క కట్టారు. మరుసటి ఏడే వుర్ట్స్‌బర్గ్‌లో లారెన్స్ మోలెన్‌కాంప్ బృందం ఆ పొరను చేసి చూపింది. లెక్క కట్టిన ఏడాదికే చేసి చూపగలగడం ఈ శాస్త్రంలో అరుదు. పొరమీద పొరగా పరమాణువుల్ని పేర్చే విద్యలో వాళ్లకు ఎన్నో ఏళ్ల అనుభవం ఉండబట్టే అది సాధ్యమైంది.

ఇప్పుడు ఆ అంచు దారికి రెండు కొసలా అతివాహకాన్ని అతకండి. టోపోలాజికల్ జంక్షన్ తయారు. మామూలు జంక్షన్‌లో ఎలక్ట్రాన్లు జంటగా దాటుతాయి కాబట్టి ఫ్రీక్వెన్సీ రెండు ఎలక్ట్రాన్ల చార్జీ లెక్కన వస్తుంది. ఇక్కడ నడుమ ఒక కొత్త స్థితి పుడుతుంది. ఒక ఎలక్ట్రాన్ స్థితిని రెండు సగాలుగా పంచుకుని, రెండు వేర్వేరు చోట్ల కూర్చున్న స్థితి అది. దానికి మయొరానా పేరు పెట్టారు. ఇటలీకి చెందిన ఎత్తోరే మయొరానా తనకు తానే ప్రతికణమయ్యే కణం ఉండవచ్చని 1937లో రాశాడు. 1938 మార్చిలో పలెర్మో నుంచి నేపుల్స్‌కు ఓడ ఎక్కిన మనిషి మళ్లీ ఎవరికీ కనపడలేదు. ఆ కణం సంగతీ, ఆ మనిషి సంగతీ రెండూ తేలకుండానే ఉన్నాయి. జంక్షన్‌లో ఉండేది విశ్వంలో స్వేచ్ఛగా తిరిగే ఆ కణం కాదు. పదార్థంలోని ఎలక్ట్రాన్లన్నీ కలిసి వేసే వేషం. కానీ లెక్క అదే లెక్క.

ఈ స్థితి ఉంటే కరెంటు ఒక్కో ఎలక్ట్రాన్ చార్జీ లెక్కన దాటుతుంది, ఫ్రీక్వెన్సీ సగమవుతుంది. ఒక చుట్టు తిరిగినా మొదటి స్థితికి రాదు, రెండో చుట్టు కావాలి. మెలిక తిప్పిన బెల్టు మీది సుద్దగీత చేసేదీ అదే. ఈ సంగతిని రష్యన్ శాస్త్రజ్ఞుడు అలెక్సీ కితాయెవ్ ఒక ఊహాత్మక తీగ గురించి 2001లో రాశాడు. 2004లో కృష్ణేందు సేన్‌గుప్తా మరో ఇద్దరితో కలిసి ఒక ప్రత్యేక రకం అతివాహకాల జంక్షన్ గురించి ఇదే ఫలితాన్ని రాబట్టారు. ఆయన తరువాత కోల్‌కతాలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో పనిచేశారు. సి.వి. రామన్ పరిశోధన చేసిన సంస్థే అది. ఈ కథ పునాదిరాళ్లలో ఒకటి మన దేశపు మనిషి వేసినదని చెప్పడం నాకు ఇష్టం. 2008లో లియాంగ్ ఫు, చార్లెస్ కేన్ మామూలు అతివాహకాన్ని టోపోలాజికల్ పదార్థం మీద అతికిస్తే చాలని చూపాక, ప్రయోగాలు చేసేవాళ్లకు దారి దొరికింది.

అక్కడినుంచే రేడియో సంగతి మొదలవుతుంది. ఈ సగం పలుకు చాలా సున్నితమైనది. ఎక్కడినుంచో ఒక ఒంటరి ఎలక్ట్రాన్ వచ్చి జంక్షన్‌లో పడితే చాలు, స్థితి తారుమారై, పాత రెండు ఎలక్ట్రాన్ల లెక్క తిరిగొస్తుంది. నిదానంగా కొలిచే మీటర్లకు ఈ తేడా చిక్కదు. ఆ ఒంటరి ఎలక్ట్రాన్ వచ్చి పడేలోపు కొలవాలి, అంటే సెకనుకు కోట్లసార్లు కంపించే తరంగంతోనే పట్టుకోవాలి. షపీరో మెట్ల పద్ధతిలో చూస్తే బేసి మెట్లు మాయమై సరి మెట్లు మిగలాలి. 2012లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో లియొనిద్ రోఖిన్‌సన్ బృందానికి ఇండియం యాంటిమొనైడ్ తీగలో మొదటి మెట్టు కనపడలేదు. 2016లో వుర్ట్స్‌బర్గ్‌లో మెర్క్యురీ టెల్లూరైడ్‌తో అదే జరిగింది. 2017లో ఇంకో అడుగు ముందుకేసి, బయటి తరంగమేదీ పంపకుండా, జంక్షన్ తానే వెలువరించే తరంగాన్ని విన్నారు. తీవ్రమైన చలిలో యాంప్లిఫయర్ పెట్టి, గిగాహెర్ట్జ్ మేరలో చెవి ఒగ్గి కూర్చున్నారు. మామూలు జంక్షన్‌కు ఐదు మైక్రోఓల్టులిస్తే 2.4 గిగాహెర్ట్జ్ పలుకుతుంది, మన ఇళ్లలో వైఫై పనిచేసే చోటు అది. ఐదు మైక్రోఓల్టులంటే టార్చిలైటు సెల్లులో మూడు లక్షలవ వంతు. టోపోలాజికల్ జంక్షన్ అదే ఓల్టేజీకి 1.2 దగ్గర పలకాలి. వాళ్లకు వినపడిన తరంగాల్లో బలమైన భాగం ఆ సగం దగ్గరే ఉంది. ఒక పదార్థం తన గుట్టును రేడియో తరంగంగా చెప్పుకున్న సందర్భమిది. రేడియో అంటే ప్రాణమిచ్చే మనలాంటి వాళ్లం ఈ ఒక్క ప్రయోగాన్నయినా గుర్తుపెట్టుకోవాలి.

కథ ఇక్కడితో ముగిస్తే వినేవాళ్లకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. సగం పలుకు వినపడితే మయొరానా ఉన్నట్టేనా? 2021లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో జవాద్ షబానీ బృందం ఇండియం ఆర్సెనైడ్, అల్యూమినియంతో జంక్షన్ చేసింది. అది టోపోలాజికల్ స్థితిలో లేదని వాళ్లకు ముందే తెలుసు. అయినా బేసి మెట్టు మాయమైంది! కారణం ఇది: జంక్షన్ చాలా శుభ్రంగా ఉండి, ఎలక్ట్రాన్లకు అడ్డు దాదాపు లేకపోతే, రెండు శక్తి స్థితుల మధ్య దూరం ఒకచోట బాగా తగ్గిపోతుంది. వేగంగా నడిపినప్పుడు వ్యవస్థ ఆ సందును దూకి అవతలి స్థితిలో పడుతుంది. అప్పుడు మెలిక లేని జంక్షన్ కూడా మెలిక ఉన్నదానిలాగే ప్రవర్తిస్తుంది. వాళ్ల పరిశోధన వ్యాసం మీద నాకు గౌరవం ఎక్కువ. కొత్త కణాన్ని కనిపెట్టామని చెప్పినవాళ్లకు వచ్చే పేరు, ఆ కణం లేకుండానే ఆ గుర్తు రాగలదని చూపినవాళ్లకు రాదు. కానీ ఆ పని జరగకపోతే ఈ రంగం ఇసుక మీద ఇల్లు కట్టుకుంటూ పోయేది.

అలా కట్టిన ఇల్లు ఒకటి నిజంగానే కూలింది. 2018లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ బృందం మయొరానాకు గట్టి రుజువు దొరికిందని నేచర్ పత్రికలో ప్రచురించింది. సెర్గీ ఫ్రొలొవ్, విన్సెంట్ మౌరిక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మొత్తం కొలతలు చూపించమని పట్టుబట్టారు. అన్నీ బయటికి తీసి చూస్తే ఆ రుజువు నిలబడలేదు. 2021లో ఆ వ్యాసాన్ని రచయితలే వెనక్కి తీసుకున్నారు. ఇందులో ఒక సంగతి నన్ను కదిలిస్తుంది. 2012లో డెల్ఫ్ట్ నుంచే మయొరానా ఆనవాళ్ల గురించి వచ్చిన మొదటి వ్యాసం రాసినవాళ్లలో మౌరిక్, ఫ్రొలొవ్ ఇద్దరూ ఉన్నారు. తాము నడిచిన దారినే ఎవరో తప్పుగా నడుస్తున్నారని అనిపించినప్పుడు, కొలతలన్నీ చూపండి అని అడిగారు.

2025 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ మయొరానా 1 అనే చిప్‌ను ప్రకటించింది. ఇండియం ఆర్సెనైడ్ మీద అల్యూమినియం పరిచి చేసిన అతివాహక తీగలు, వాటిలో ఎనిమిది టోపోలాజికల్ క్యూబిట్లు ఉన్నాయని, ఈ దారిలో పది లక్షల క్యూబిట్లు ఒక్క చిప్‌లో పట్టించవచ్చని సంస్థ చెప్పింది. ఆ పరిశోధనకు నాయకుడు చేతన్ నాయక్, సంస్థ అధినేత సత్య నాదెళ్ల. నాదెళ్ల తండ్రి యుగంధర్ గారిది మన పొరుగున అనంతపురం జిల్లా యల్లనూరు మండలం బుక్కాపురం. ఆ ప్రకటన వచ్చినప్పుడు సీమలో కలిగిన సంతోషం నాకు తెలుసు, అందులో నాకూ భాగముంది. ఆ సంతోషంతోపాటు ఇంకో మాట కూడా తెలుసుకోవాలి. అదే రోజుల్లో నేచర్ పత్రిక ప్రచురించిన వాళ్ల వ్యాసం చెప్పింది ఇంతే: ఆ తీగల్లో ఎలక్ట్రాన్ల సంఖ్య సరిసంఖ్యా బేసిసంఖ్యా అన్నది ఒక్క కొలతలో పట్టుకోగలిగామని. ఇది మయొరానా స్థితులు ఉన్నాయనడానికి రుజువు కాదని పత్రిక సంపాదకులే సమీక్షల పత్రంలో స్పష్టంగా చెప్పారు. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయానికి చెందిన హెన్రీ లెగ్, మైక్రోసాఫ్ట్ వాళ్లు టోపోలాజికల్ స్థితిని గుర్తించడానికి వాడే పరీక్షనే ప్రశ్నించాడు. కొలత గొప్పదే. దాని మీద నిలబెట్టిన ప్రకటన కొలతకన్నా చాలా పెద్దది. మనవాళ్లు అధిపతులుగా ఉన్నారు కాబట్టి మనం ఇంకా గట్టిగా అడగాలని నేనంటాను. బిడ్డ పరీక్ష పాసయ్యాడంటే మార్కుల కాగితం చూపమని అడిగే తల్లిదండ్రులకు బిడ్డ మీద ప్రేమ తక్కువని ఎవరైనా అంటారా?

ఇప్పుడు మన సంగతి. కేంద్ర ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో ఆమోదించిన జాతీయ క్వాంటం మిషన్‌కు 6,003 కోట్ల 65 లక్షల రూపాయలు కేటాయించింది. దాని లక్ష్యాల్లో అతివాహకాలు, టోపోలాజికల్ పదార్థాల తయారీ స్పష్టంగా ఉంది. ఆ పదార్థాల పనికి ఢిల్లీ ఐఐటీ కేంద్రం. ఇది మనకు అందని ఆకాశం కాదు. జంక్షన్‌ను కొలవడానికి కావలసిన చలి యంత్రాలు ఖరీదైనవి, అవి పెద్ద సంస్థల్లోనే ఉంటాయి. కానీ ఆ జంక్షన్‌కు కావలసిన పదార్థాన్ని స్ఫటికంగా పెంచడం ఒక విశ్వవిద్యాలయం చేయగలిగిన పనే. బిస్మత్ సెలెనైడ్ సంగతే తీసుకోండి. అది పేరు మోసిన టోపోలాజికల్ పదార్థం. పరమాణువుల లెక్కన బిస్మత్ రెండు పాళ్లు, సెలీనియం మూడు పాళ్లు తూచి, క్వార్ట్జ్ గొట్టంలో వేసి, గాలి తీసేసి మూతి కరిగించి మూసి, కొలిమిలో సుమారు 850 డిగ్రీల దాకా కాచి, రోజుల తరబడి నిదానంగా చల్లారనివ్వాలి. గొట్టం పగలగొడితే అభ్రకంలా రేకులు రేకులుగా విడిపోయే మెరిసే స్ఫటికం వస్తుంది. సెలీనియం విషం కాబట్టి పొగ పీల్చకుండా జాగ్రత్తలన్నీ తీసుకోవాలి. కావలసింది మంచి కొలిమి, శుభ్రమైన చేతులు, ఓపిక. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం, ట్రిపుల్ ఐటీడీఎం, ఇడుపులపాయలో ఆర్కే వ్యాలీ ఉన్నాయి. తిరుపతిలో ఐఐటీ, ఐసర్ రెండూ ఉన్నాయి. ఇక్కడ పెంచిన స్ఫటికాన్ని అక్కడ కొలవడానికి ఒక్క రాత్రి బస్సు ప్రయాణం చాలు. ప్రపంచంలో ఎన్నో గొప్ప కొలతల వెనక, పేరు పెద్దగా వినపడని ఒక స్ఫటికం పెంచేవాడు ఉంటాడు. మంచి స్ఫటికం పెంచే చేయి ఉన్న కుర్రాడికో అమ్మాయికో ప్రపంచంలో ఏ ప్రయోగశాలైనా తలుపు తీస్తుంది.

మన నేలకు ఈ విద్యతో ఒక పాత చుట్టరికం కూడా ఉంది. పాత కడప జిల్లా మంగంపేట ముగ్గురాయి గనులు ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి. ముగ్గురాయి అంటే బేరియం సల్ఫేట్. ఎక్కువభాగం చమురు బావులు తవ్వేచోట బురద బరువు పెంచడానికి పోతుంది. 1986లో బెడ్నోర్జ్, ముల్లర్ కనిపెట్టిన కొత్త అతివాహకంలో ఆ బేరియమే ముఖ్యమైన పాలు. మరుసటి ఏడు వచ్చిన ఇట్రియం బేరియం కాపర్ ఆక్సైడ్ 93 కెల్విన్ దగ్గరే నిరోధం లేకుండా పనిచేసి, ఖరీదైన ద్రవ హీలియం లేకుండా చవకైన ద్రవ నైట్రోజన్‌తో అతివాహకత చూపింది. ఓబులవారిపల్లె చుట్టుపక్కల బళ్లలో చదివే పిల్లలకు, తమ ఊరి లారీల్లో పోయే రాయిలో ఏ మూలకం ఉందో, అది ప్రయోగశాలలో ఏం చేయగలిగిందో ఏ మాస్టరైనా ఒక పీరియడ్ చెబితే బాగుంటుంది.

టోపోలాజికల్ జంక్షన్ కథ ఎలా తేలాలో ఇప్పుడు స్పష్టంగానే ఉంది. సగం ఫ్రీక్వెన్సీ వినపడాలి. పదార్థాన్ని మెలిక లేని స్థితికి మార్చగానే, మిగతావేవీ కదపకుండా, ఆ సగం పలుకు పోయి పూర్తి పలుకు తిరిగి రావాలి. అదే ఫలితం ఇంకో దేశంలో, ఇంకో చేతుల్లో కూడా రావాలి, కొలతలన్నీ అందరికీ తెరిచి ఉండాలి. ఆ తరువాత అసలు పరీక్ష: రెండు మయొరానా స్థితుల్ని ఒకదాని చోటికి ఇంకొకదాన్ని మార్చాలి. ముందు దేన్ని మార్చాం, తరువాత దేన్ని మార్చామన్న వరసను బట్టి ఫలితం మారితేనే మెలిక లోపల సమాచారం దాగి ఉందని నమ్మవచ్చు. అతివాహక జంక్షన్లలో ఆ మార్పిడిని ఇప్పటిదాకా ఎవరూ సందేహానికి తావులేకుండా చేసి చూపలేదు. ఇవాళ ఇంటర్ చదువుతున్న పిల్లలు పరిశోధనకు వచ్చేనాటికి ఆ పని ఇంకా మిగిలే ఉండవచ్చు.